యల్లాప్రగడ సుబ్బారావు: చేపల మంచులోకి చేరిన మందు



గురుపట్టం పొందిన కొత్తలో నన్ను దివిసీమలో ఒక చిన్న విచారణకు పంపారు. ఆ ఊరి గుడి పండుగకు చుట్టుపక్కల పల్లెల నుంచి బంధువులు దిగారు. మాంసం కూర ముందురోజు రాత్రే వండి, రెండు పెద్ద గుండిగల్లో పోసి, మూతలు బిగించి, పైన గోనెపట్టాలు కప్పి ఉంచారు. మరునాడు దివ్యపూజ అయ్యాక కాస్త వెచ్చచేసి వడ్డించారు. ఆ అర్ధరాత్రి నుంచి నలభై మంది దాకా కడుపు మెలిపెట్టి, చెంబులు పట్టుకుని గట్ల వెంట పరుగులు తీశారు.

వంటాయన గుండె బాదుకున్నాడు. కూర రెండు గంటలు కుతకుత ఉడికిందని, తన చేతిలో ఏ లోపమూ లేదని గుడి మెట్ల మీద ప్రమాణం చేశాడు. ఊళ్లో మందులిచ్చే అతను వచ్చి, పెద్దా చిన్నా అని చూడకుండా అందరికీ ఒకే రకం గొట్టాలు పంచి వెళ్లాడు. అవి టెట్రాసైక్లిన్ గొట్టాలు. రెండు రోజుల్లో అందరూ లేచి తిరిగారు. అది ఆ గొట్టం మహిమేనని ఊరు నమ్మింది. నేనూ నమ్మాను.

వంటాయన అబద్ధమాడలేదని, గొట్టం మాత్రం పెద్దగా చేసిందేమీ లేదని చాలా ఏళ్ల తర్వాత పుస్తకాలు తిరగేస్తుంటే అర్థమైంది. ఆ వెతుకులాటలోనే గొట్టం వెనుక ఉన్న ఒక తెలుగువాడి జీవితం కూడా ఎదురైంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పేరు మనలో చాలామంది పాఠ్యపుస్తకంలో చదివిందే. కానీ ఆయన చనిపోయాక ఆయన పరిశోధనశాల మందు ఎక్కడెక్కడికి ప్రయాణం చేసిందో, అది మన చేపల చెరువుల గట్టుదాకా ఎలా వచ్చిందో పాఠ్యపుస్తకాలు చెప్పవు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని రాబడి. చదువు మీద పిల్లవాడికి మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంటి నుంచి పారిపోతే, పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. తండ్రి పోయాక తల్లి నగలు అమ్మి చదివించింది. ఆమె మొండి పట్టుదల లేకపోతే ఈ వ్యాసం రాయవలసిన పని నాకు ఉండేది కాదు.

యువకుడిగా ఆయన మనసు సన్యాసం వైపు లాగింది. రామకృష్ణ మఠంలో చేరాలని ఆశపడ్డారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే రోగులకు సేవ చేయవచ్చునన్న ఆలోచనతో 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగి శస్త్రచికిత్స గదికి వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యుడికి నచ్చలేదు. దాని ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. ప్రభుత్వ కొలువు దొరకక, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పుకుంటూ గడిపారు.

ఆ రోజుల్లోనే ఆయన ఇంట్లో ఒక ఘోరం జరిగింది. అన్నదమ్ముల్లో ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో మనిషి తింటూనే ఉంటాడు గానీ తిన్నది ఒంటబట్టదు. పేగు లోపలి పొర దెబ్బతిని, సారం లోపలికి పోక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కరిగిపోతాడు. పారిశుద్ధ్యం సరిగా లేని ఉష్ణదేశాలలో, పేగుల్లో చెడ్డ బాక్టీరియా తిష్టవేయడంతో ఈ జబ్బుకు సంబంధం ఉందని తర్వాతి వైద్యులు గమనించారు. సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేదం ఆయనను బతికించింది. నన్ను బతికించిన మందులో ఏముంది, తమ్ముణ్ణి, అన్నను చంపిన జబ్బులో ఏం తక్కువైంది అనే ప్రశ్న ఆయనను జీవితాంతం వదల్లేదు.

1919లో శేషగిరి గారితో వివాహమైంది. అనపర్తిలో ఉన్న మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయపడగా ఓడెక్కి, 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరారు. భార్య అప్పటికి గర్భవతి. పుట్టిన కొడుకును ఆయన కళ్లారా చూడలేదు. బిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు. మూడేళ్లలో వస్తానని వెళ్లిన మనిషి ఇరవై ఆరేళ్లు అక్కడే ఉండి అక్కడే కన్నుమూశారు. శేషగిరి గారు ఇక్కడే ఒంటరిగా బతుకు వెళ్లదీశారు.

ఈ చోట నా కలం కాస్త ఆగుతుంది. పెళ్లి అనే ప్రమాణాన్ని గుడిలో చేయించే నేను, ఆమె పక్షాన ఒక మాట అనకుండా దాటిపోలేను. ఆయన గొప్పతనాన్ని రాసినవారు చాలామంది ఆమెను ఒక వాక్యంలో ముగించారు. లక్షలమంది ప్రాణాలు నిలిచాయన్నది నిజం. ఆ లెక్కలో ఒక ఇల్లాలి జీవితం కూడా ఖర్చయిందన్నదీ నిజం. రెంటినీ తూచే త్రాసు నా దగ్గర లేదు.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చదువు. చేతిలో డబ్బు లేదు. పగలు పాఠాలు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. ఆ తర్వాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ గారి దగ్గర చేరి, రక్తంలో, మూత్రంలో ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రకటించారు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను వెలికితీసినవారిలో ఆయన ఒకరు. 1930లో డాక్టరేట్ వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. అది అమెరికన్ సయనమిడ్ అనే పెద్ద కంపెనీకి చెందింది. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలకు పెద్ద అయ్యారు.

అక్కడి ఎనిమిదేళ్లలో జరిగిన పని చూస్తే ఒక మనిషి జీవితానికి అది ఎక్కువే. ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945 నాటికి పరిశోధనశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతను తగ్గించేది అదే. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు సమాధానం దొరికిందన్నమాట. ఈనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రలో కలిసి ఉండేదీ ఆ ఫోలిక్ ఆమ్లమే. బోదకాలు జబ్బుకు మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆ బృందం తెచ్చిందే. పిల్లల రక్త కాన్సర్‌కు తొలిసారి పనిచేసిన మందు కూడా అక్కడిదే.

ఇక మన కథకు ముఖ్యమైనది ఆరియోమైసిన్. డెబ్బై ఏళ్లు దాటి, విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను లెడర్లీ పిలిచి పని ఇచ్చింది. దేశంలోని నానా చోట్ల నుంచి మట్టి తెప్పించి, అందులో బతికే సూక్ష్మజీవులు ఇతర సూక్ష్మజీవులను అణచే పదార్థాలేమైనా విడుస్తాయా అని ఆయన వెతికారు. 1945లో మిస్సోరి రాష్ట్రంలోని ఒక పొలం మట్టిలో బంగారు పసుపు రంగు గల ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి తీసిన మందుకు బంగారాన్ని సూచించే లాటిన్ మాటతో ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలిబిడ్డ అదే. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో జబ్బులకు అది పనిచేసింది. 1948 జూలైలో వైద్యులకు దాన్ని పరిచయం చేశారు. ఆగస్టులో ఒక రాత్రి సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో పోయారు. 53 ఏళ్లు. జీవించి ఉండగా ఆయన పేరు బయట ఎక్కువమందికి తెలియదు. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరాన, భారత తపాలా శాఖ ఒక బిళ్ల విడుదల చేసింది.

జీవితకథ ఇక్కడితో ముగియాలి. మందు కథ మాత్రం ఇక్కడే మలుపు తిరిగింది.

ఆయన పోయిన ఏడాదే, అదే లెడర్లీలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలకు ఏ మేత మంచిదో పరీక్షిస్తున్నారు. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపితే పిల్లలు త్వరగా బరువెక్కాయి. మందు మేతలోకి అలా వచ్చింది. కంపెనీ ఇంకో అడుగు వేసింది. కోసిన కోడిని, పట్టిన చేపను ఈ మందు కలిపిన నీళ్లలో ముంచితే కుళ్లకుండా ఎక్కువ రోజులు నిలుస్తుందని కనిపెట్టి, ఆ పద్ధతికి ఆక్రొనైజ్ అని పేరు పెట్టింది. కాలం అంటనిది అనే భావం వచ్చేలా గ్రీకు మాటతో అల్లిన పేరది. సెమినరీలో గ్రీకు అక్షరాలతో కుస్తీ పట్టిన నాకు ఆ పేరు చూస్తే నవ్వూ, భయమూ రెండూ కలిగాయి. 1955లో అమెరికా ప్రభుత్వం పచ్చి కోడిమాంసానికి అనుమతించింది. పది లక్షల పాళ్ల నీళ్లకు పది పాళ్ల మందు కలిపిన చల్లని తొట్టిలో కోళ్లను ముంచేవారు. కొన్నేళ్లకు చేపలకూ అనుమతి వచ్చింది. మంచులోనే మందు కలిపి చేపల మీద పోశారు. వండితే మందు విరిగిపోతుంది, తినేవాడికి ఏ హానీ లేదు అన్నది వారి వాదన.

ఇందులో లోపం ఎక్కడుందో చూద్దాం. టెట్రాసైక్లిన్ బాక్టీరియాను చంపదు. అది మాంసకృత్తులు అల్లుకునే యంత్రాన్ని అడ్డగించి, పెరగకుండా ఆపుతుంది. మందు పలచబడితే ఆగినవి మళ్లీ లేస్తాయి. పైగా తొట్టిలో కోట్ల కొద్దీ ఉన్న వాటిలో ఏ కొన్నిటికో మందును బయటికి తోసేసే పంపు లాంటి ఏర్పాటు ఉంటుంది. మిగతావి అణగిపోతే వీటికి మైదానం ఖాళీ అవుతుంది. ఆ పంపు తయారీ విధానం చాలా సార్లు ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరంలో రాసి ఉంటుంది. బాక్టీరియా ఆ ఉంగరాన్ని పక్కనున్నదానికి నకలు తీసి ఇవ్వగలదు. చుట్టం కానక్కరలేదు, వేరే జాతిదైనా సరే. కుళ్లు వాసన తెచ్చే బాక్టీరియా అణగిపోవడం వల్ల ఇంకో చిక్కు వచ్చింది. మాంసం పాతదైనా వాసన రాదు. ముక్కు పట్టించే గుర్తు పోయింది గానీ జబ్బు తెచ్చేవి అక్కడే ఉండిపోయాయి. సియాటిల్ ప్రాంతంలో ఈ తొట్ల దగ్గర పనిచేసిన కూలీల చేతులకు మందుకు లొంగని సెగగడ్డలు లేచాయి. 1966లో ప్రభుత్వం ఆ అనుమతులను వెనక్కి తీసుకుంది. మేతలో కలపడం మాత్రం ఎన్నో దేశాల్లో దశాబ్దాలు సాగింది. ఐరోపా సమాఖ్య 2006లో, అమెరికా 2017లో బరువు పెంచడం కోసం వాడే అలవాటును ఆపాయి. మన దేశంలో కొలిస్టిన్ అనే ఆఖరి అస్త్రం లాంటి మందును పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకూడదని 2019లో నిషేధించారు.

ఇప్పుడు మన వైపు వద్దాం. బందరు, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఉప్పునీటి రొయ్య వచ్చిన కొత్తలో ఎకరాలకు ఎకరాల వరి భూములు చెరువులయ్యాయి. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ జబ్బు వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయింది. అది వైరస్. ఏ యాంటీబయాటిక్‌కూ వైరస్ లొంగదు. అయినా అప్పుల్లో మునిగిన రైతు, మందుల దుకాణం వాడు చెప్పినదల్లా డబ్బాలకొద్దీ చెరువులో కుమ్మరించాడు. రైతును తిట్టడానికి నాకు నోరు రాదు. వడ్డీకి తెచ్చిన సొమ్ము కళ్లముందు తెల్లబడి తేలుతుంటే ఎవరైనా అదే చేస్తారు. ఆ తర్వాత 2001, 2002 సంవత్సరాల్లో ఐరోపా వారు ఆసియా రొయ్యల్లో క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు పట్టుకుని సరుకు తిప్పి పంపారు. 2002లో మన ప్రభుత్వం ఎగుమతి రొయ్య పెంపకంలో ఇటువంటి ఇరవై దాకా మందులను నిషేధించింది. 2009లో వనామీ రొయ్య వచ్చాక సాగు మళ్లీ లేచింది. పట్టుబడికి ముందు పరీక్ష చేయించుకోవడం ఇప్పుడు మన రైతులకు అలవాటైన మాటే.

గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు మంచినీటి చేపలది ఇంకో కథ. అక్కడి నుంచి లారీల్లో మంచు పరిచి బెంగాలుకు, అస్సాముకు పంపుతారు. మూడు నాలుగు రోజుల ప్రయాణం. 2018 జూలైలో ఆంధ్ర చేపల్లో ఫార్మలిన్ ఉందని చెప్పి అస్సాం ప్రభుత్వం కొన్నాళ్లు దిగుమతి ఆపేసింది. ఫార్మలిన్ అంటే వైద్య కళాశాలలో శవాలను నిలవ ఉంచేది. ఎవరో కొందరు చేసిన పనికి డెల్టా రైతులందరి ధర పడిపోయింది. ఆక్రొనైజ్ తొట్టి వెనుక ఉన్న ఆశే దీని వెనుకా ఉంది. మంచు ఖర్చు, శుభ్రం చేసే శ్రమ తప్పించే ద్రవం సీసాలో దొరికితే బాగుండునన్న ఆశ.

అది దొరకదు. ఎందుకంటే బాక్టీరియా బతికే దారులు అన్నన్ని. ఉప్పునీటి రొయ్యలో ఉండే విబ్రియో జాతి, చలికి నిద్రపోతుంది గానీ గడ్డకట్టించినా పూర్తిగా చావదు. బాగా ఉడికిస్తే చస్తుంది. మన చేతి గాయాల్లో, ముక్కులో ఉండే స్టెఫిలోకాకస్‌కు ఉప్పంటే లెక్కలేదు. ఎండు చేప ఉప్పులోనూ బతుకుతుంది. అది ఆహారంలో పెరిగి విషం విడిచిందంటే, తర్వాత ఉడికించినా ఆ విషం విరగదు. కత్తిపీట మీద, ప్లాస్టిక్ తొట్టి గీతల్లో కొన్ని జిగురు పొర అల్లుకుని కూర్చుంటాయి. బ్లీచింగ్ నీళ్లు పైపైన పోతాయి గానీ లోపలికి అంటవు. ముందు బ్రష్షుతో సబ్బుపెట్టి రుద్ది, ఆ తర్వాత క్లోరిన్ నీళ్లు పోయాలి. వరుస తిరగబడితే పని జరగదు. బందరు హల్వా, తొక్కుడు లడ్డు వారాల తరబడి నిలవడానికి కారణం అక్కడ బాక్టీరియా చచ్చిపోవడం కాదు. చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది, నెయ్యిలో నీరే లేదు, వాటికి తాగడానికి చుక్క దొరకదు. పెరుగులో, ఆవకాయలో పులుపు ఆ కాపలా కాస్తుంది. మన పెద్దలు ఏ పరిశోధనశాలా లేకుండా పట్టుకున్న విద్య ఇది.

ఇక ఆ పండుగ కూర. ఉడికినా బతికింది క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అని ఇప్పుడు నాకు దాదాపు నమ్మకం. కథ అంతా దాని లక్షణాలతో సరిపోతుంది. మట్టిలో, పశువుల పేగుల్లో ఉంటుంది. పరిస్థితులు అనుకూలించనప్పుడు గట్టి పెంకు గల బీజంగా ముడుచుకుంటుంది. నీరు మరిగే 100 డిగ్రీల వేడిలో గంట ఉన్నా ఆ బీజం కొన్ని సార్లు చావదు. ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీలకు చేరిస్తేనే అటువంటి బీజాలు చస్తాయి. డబ్బాల్లో చేపలు నింపే కర్మాగారాలు చేసేది అదే. గుండిగలో అది సాధ్యం కాదు. రెండు గంటలు ఉడికి పొయ్యి దిగిన గుండిగ నడిమధ్య గాలి చేరదు, వేడి తగ్గడానికి తెల్లవారుతుంది. 60 డిగ్రీల కిందికి దిగగానే బీజాలు మొలకెత్తుతాయి. 45 డిగ్రీల దగ్గర పది నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఇరవై నిమిషాలకొకసారి అనుకున్నా, ఒకటి ఎనిమిది గంటల్లో కోటీ అరవై ఏడు లక్షలవుతుంది. మూత, గోనెపట్టా వాటికి దుప్పటి కప్పినట్టయింది. మరునాడు కాస్త వెచ్చచేయడం వాటికి ఏ లెక్కా కాదు. తిన్నాక పేగులోకి చేరి అవి విషం విడుస్తాయి. ఎనిమిది నుంచి పదహారు గంటల్లో విరేచనాలు మొదలవుతాయి. చాలామందికి ఒక రోజులో దానంతట అదే తగ్గుతుంది. కావలసింది ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు, అవి పట్టే ఓపిక. గొట్టం అక్కరలేదు. ఆ రోజు ఆ నలభై మందికి పంచిన టెట్రాసైక్లిన్, వాళ్ల పేగుల్లోని మిగతా బాక్టీరియాకు ఎలా తప్పించుకోవాలో నేర్పి ఉంటుంది, అంతే. ఎనిమిదేళ్లు నిండని పిల్లలకు ఆ మందు పళ్లను పచ్చగా మారుస్తుంది కూడా. పంచుతుంటే పక్కన నిలబడి చూసినవాణ్ణి నేనే.

ఇప్పుడు నేనున్న విచారణలో పండుగ వంట పద్ధతి మార్చాం. ఉపదేశిగారికి, వంట మేస్త్రీకి మొదట ఇది చాదస్తంగా తోచింది. మాంసం కూర తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి ఎక్కుతుంది, పూజ అయ్యేసరికి పొగలు కక్కుతూ పంక్తిలోకి వస్తుంది. పచ్చి మాంసం కోసే కత్తిపీటలు వేరు, ఉల్లిపాయలు, కొత్తిమీర తరిగేవి వేరు. చేతికి పుండున్నవాళ్లు వడ్డన చేయరు, నీళ్లు మోస్తారు. రాత్రికి ఉంచాలనుకున్నది వెడల్పాటి పళ్లాల్లో రెండంగుళాల మందాన పరిచి, కింద మంచు పెట్టి, రెండు గంటల్లో చల్లార్చి, మఠకన్యల ఫ్రిజ్‌లో పెడతారు. మళ్లీ వడ్డించేటప్పుడు బుడగలొచ్చేదాకా మరగనివ్వాలి. మంచు మాత్రం చేపల మార్కెట్టు నుంచి తేవద్దని మొదటి ఏడాదే గొడవపడ్డాను. అది తాగే నీటితో చేసింది కాదు. ఈసారి గుడివాడ నుంచి తెచ్చారు, ధర కాస్త ఎక్కువే పడింది. మధ్యాహ్నం మూడింటికి మిగిలిన కూరను మేస్త్రీ ఎవరూ చెప్పకుండానే పళ్లాల్లోకి తిప్పాడు.